గుండుకీ గుండుకీ మధ్య

జులై 6, ఆదివారం

ఆర్నే మళ్లీ రాశాడు. ఎక్కడో నార్వేలో ఉంటాడు, ముఖం చూసింది లేదు. అయినా మా దుకాణానికి వచ్చే గిరాకీలతో కంటే అతనితోనే ఎక్కువ మాట్లాడి ఉంటాను. ఇద్దరికీ ఒకటే పిచ్చి, పాత యుద్ధకాలపు సబ్‌మెరైన్ ఆట. పడవ నీటి మీదికి తేలి పైనున్న ఫిరంగిని, మా మాటలో తోపును, పేల్చేటప్పుడు గుండుకీ గుండుకీ మధ్య ఎంతసేపు పట్టాలన్నది మా గొడవ. ఆట చేసినవాళ్లు నాలుగు సెకన్లు పెట్టి చేతులు దులుపుకున్నారు. మొదటి గుండుకీ నాలుగే, యాభయ్యో గుండుకీ నాలుగే. ఆ తోపు దగ్గర నిలబడ్డవాళ్లు మనుషులా, మిక్సీలా?

ఆటకు అతికించుకునే ముక్క ఒకటి తయారుచేస్తున్నాను. మేము మాడ్ అంటాం. నా మాడ్‌లో తోపు దగ్గరి మనుషులు అలసిపోతారు, పోనుపోను గుండు ఆలస్యమవుతుంది. ఎంత ఆలస్యం అన్నదే తేలడం లేదు. నేను రాసిన లెక్క చూసి ఆర్నే ఒకటే మాట అడిగాడు. "నువ్వు ఎప్పుడైనా అంత బరువు ఎత్తావా?"

ఒళ్లు మండింది. పొద్దున లేస్తే నూనె టిన్నుల మధ్య కూర్చునేవాణ్ని నేను. టిన్నుకు పదిహేను కిలోలు, ఆ తోపు గుండు కూడా దాదాపు అంతే. కాకపోతే టిన్నులు ఎత్తేది మా హమాలీ దత్తు. అది వేరే సంగతి.

జులై 8

ఈ డైరీని అక్షిత తిరగేసి చూసి, "అహో, ఇది జిలేబీ లెక్కుంది, ఏం రాస్తరు దీంట్ల?" అంది. నా పెళ్లాం మాట్లాడేది తెలుగే, కానీ ఇక్కడ మహారాష్ట్రలో చదువంతా మరాఠీ. మా నాన్న, బాపూ అంతే. ఈ ఇంట్లో తెలుగు అక్షరాలు వచ్చింది పెద్దబాపుకూ, ఆయన పలకమీద దిద్దించిన నాకూ. "దుకాణం లెక్కలు" అని చెప్పాను.

జులై 10

ఇంత బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాను గానీ ఇంట్లోనే మనిషి ఉన్నాడు. పెద్దబాపు, మా బాపుకు అన్న, ఆశన్న. దుకాణం వద్దని చిన్నప్పుడే పారిపోయి నేవీలో చేరాడు. ఓడ మీద తోపు దగ్గరే పనిచేశాడు. చేత్తో గుండు పెట్టే పాత తోపు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు, పారిపోయిన సంగతి గుర్తొస్తుందని.

సాయంత్రం వెళ్లి ఆట సంగతి చెప్పి అడిగాను. మనిషి మంచం మీంచి లేచి కూర్చున్నాడు.

"గుండు ఎత్తుడు కాదురా పెద్ద పని. ఓడ ఊగుతుంటది. కిందికెల్లి గుండు చేతుల మీద వస్తది. ఒకడిస్తడు, ఒకడు అందుకుంటడు. మొదటి పది గుండ్లు జాతరే. ఆటెన్క నడుము మాట్లాడుతది."

"ఎన్ని సెకన్లు పడుతుండె పెద్దబాపు?"

"సెకన్లెవడు చూసిండు? చేసి చూస్తే ఎరుకైతది."

ఆయనే అన్నాడు. "గోదాంల టిన్నులున్నయి గదా. ఆదివారం హమాలీలుండరు. మీ పెద్దమ్మకు మాత్రం చెప్పకు."

హెర్నియా ఆపరేషన్ అయినప్పటి నుంచి కాంతమ్మ పెద్దమ్మ ఆయన్ని నీళ్ల బకెట్ కూడా ముట్టనివ్వదు. ఎవరు ఎవర్ని పిలిచారో గుర్తుండాలని రాస్తున్నాను. ఆలోచన ఆయనదే.

జులై 13, ఆదివారం

పెద్దబాపు గోదాంలో జారి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. రేపు ఆపరేషన్.

నేను ఆపమన్నాను. రెండుసార్లు ఆపమన్నాను.

జులై 14

ఆపరేషన్ బాగానే అయిందన్నారు. ఇంకా మగతగానే ఉన్నాడు. పెద్దమ్మ పట్టుకుని పదేపదే అడిగితే "జారిన" అని మాత్రం అన్నాడు. అంతకంటే ఏమీ చెప్పలేదు. ఆయనకూ చెప్పడం ఇష్టం లేదని దాన్నిబట్టే తెలుస్తోంది. ఆయన దాచుకుంటున్నదాన్ని బయటపెట్టడానికి నేనెవర్ని?

నిన్న బాపు బాబుపేట్ గోదాంకు వచ్చేసరికి నేల మీద నూనె పారుతోంది. ఒక టిన్ను అంచు పగిలి ఉంది. నేను పెద్దబాపు తలను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అంబులెన్స్ వెళ్లాక బాపు ఆ నూనెను చూస్తూ అడిగాడు. "ఈ థప్పీ ఎవడు పెట్టిండు?"

"దత్తు" అన్నాను. నిజమే. శనివారం సాయంత్రం ఆ టిన్నులన్నీ ఒకదానిమీద ఒకటి పేర్చింది దత్తే. అడిగిందానికి నిజమే చెప్పాను.

జులై 16

బాపు దత్తును తీసేశాడు.

దుకాణం మెట్ల మీద, మిగతా హమాలీలు, పక్క దుకాణాలవాళ్లు చూస్తుండగానే. "కారుతున్న టిన్ను థప్పీల పెడ్తవా? కనీసం కట్టెపొట్టన్న చల్లకపోతివి! మా అన్న నడుము విరగ్గొట్టినవ్ కదరా!" బాపు గొంతు బజారు చివరిదాకా వినిపించి ఉంటుంది.

దత్తు ఎదురు చెప్పలేదు. మా దగ్గర చేరినప్పుడు అతనికి మీసాలు సరిగా రాలేదు, ఇప్పుడు బిడ్డ పదో తరగతి. భుజం మీది తువ్వాలు తీసి చేతిలో నలుపుతూ నిలబడ్డాడు. "నేను మంచిగనే సూసి పెట్టిన సేఠ్" అన్నాడు మొదట. కాసేపటికి, "కారుతుండెనేమో. యాదికొస్తలేదు" అన్నాడు. వెళ్లబోతూ నా వైపు తిరిగి, "పెద్ద సేఠ్‌కు ఎట్లుంది?" అని అడిగాడు.

"మంచిగుంది" అన్నాను. గల్లా దగ్గర పని ఉన్నట్టు తల దించుకున్నాను.

జులై 17

చంద్రపూర్‌లో హమాలీకి పని కరువా? ఎవరైనా పెట్టుకుంటారు.

జులై 20, ఆదివారం

గోదాంలో తీసిన వీడియో ఫోన్‌లో అలాగే ఉంది. టిన్నుల మీద ఫోన్ నిలబెట్టి మొదటినుంచీ తీశాను. ఇన్నాళ్లూ తెరవలేదు. ఈ రోజు తెరిచాను. ఎలాగూ జరిగింది జరిగింది, ఆయన పడ్డ కష్టం వృథా కాకూడదు కదా.

శబ్దం తీసేసి చూశాను. అంకెలకు శబ్దం అక్కర్లేదు.

ఎంత బాగా ఎత్తాడు! మోకాళ్లు వంచి, టిన్ను కడుపుకు ఆనించి, ఒక్క తిప్పుతో గోడవైపు పెట్టి, వెనక్కి అడుగు. కాలు ఎక్కడ పడాలో కాలికే తెలుసు. మా ఇంట్లో ఆ మనిషిని ఎప్పుడూ పేపరు పట్టుకుని కూర్చుని ఉండగానే చూశాను. మొదట్లో టిన్నుకు ఆరు సెకన్లు. తర్వాత ఏడు, ఎనిమిది. ఆ తర్వాత లెక్క ఒక పద్ధతిలో రాదు. ఒకటి పది పడుతుంది, పౌరుషంగా ఇంకొకటి ఏడులో లేపుతాడు, దాని తర్వాతది పద్నాలుగు. నేను ఇంత కాలం గీసిన గీత తిన్నగా దిగిపోతుంది. మనిషి అలా దిగడు. ఇది ఏ పుస్తకంలోనూ దొరకదు.

చివరి భాగం చూడలేదు. దానితో పని లేదు.

జులై 24

మాడ్ బయటపెట్టాను. "ఒకప్పటి నేవీ తోపు మనిషితో స్వయంగా కొలిచిన లెక్కలు" అని రాశాను.

జులై 25

పొద్దున లేచేసరికి పేజీ నిండా పొగడ్తలే. ఒకతను, తోపు దగ్గర మూడోవాడు వంగి నిలబడేసరికి ఇక చాలని తానే తోపు ఆపి పడవను నీటి కిందికి దించేశానని రాశాడు. ఆర్నే రాసింది రెండు వాక్యాలు. "ఇన్నేళ్లలో ఈ ఆటలో నాకు మొదటిసారి జాలి కలిగింది. ఆ పెద్దమనిషికి నా నమస్కారం చెప్పు."

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. అక్షిత, "ఏమైంది, గట్ల ఉన్నరు?" అని అడిగింది. పిత్తం అన్నాను.

జులై 27, ఆదివారం

పెద్దబాపును ఇంటికి తెచ్చాం. వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నాడు.

కాంతమ్మ పెద్దమ్మ టీ ఇస్తూ ఒక మాట చెప్పింది. దవాఖానలో ఉన్నన్నాళ్లూ రోజూ సాయంత్రం దత్తు వచ్చేవాడట. లోపలికి రాడు. ముందు గేటు దగ్గర నిలబడి, "ఆశన్న సేఠ్‌కు ఎట్లుంది" అని వాచ్‌మన్‌ను అడిగి వెళ్లిపోయేవాడట. ఒకరోజు మహాకాళి గుడి కొబ్బరికాయ వాచ్‌మన్ చేతికిచ్చి పంపాడు.

"పాపం తప్పు చేసిండు గానీ మనిషి చెడ్డోడు కాదురా" అంది పెద్దమ్మ.

నేను దవాఖానకు రోజూ వెనక గేటు నుంచే వెళ్లాను. పార్కింగ్ అటే ఉంది.

ఆగస్టు 3, ఆదివారం

పెద్దబాపు ఆట చూపించమన్నాడు. పెద్దమ్మ గుడికి వెళ్లిన తర్వాత లాప్‌టాప్ తీసుకెళ్లాను. మంచం మీద దిండ్లకు ఆనుకుని చూశాడు. తెర మీద పడవ తేలింది, మనుషులు పరుగెత్తి తోపు దగ్గరికొచ్చారు. గుండు, మళ్లీ గుండు. మెల్లగా నెమ్మదించారు. ఒకడు వంగి మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నాడు.

పెద్దబాపు నవ్వాడు. "ఆడు నేనే గదా!"

అవునన్నాను. ఆ నవ్వు చూసి కాసేపు నాకు నిజంగానే హాయిగా అనిపించింది. సిగ్గు లేదు.

ఇంకొంచెం చూసి అడిగాడు. "ఒక్కటి తక్కువైందిరా. గుండు జారదా?"

"జారుడా?"

"నడుము పోయినంక చెయ్యి జారుతది. మా తాన జారింది రెండు మూడుసార్లు. జారితే తోప్ ఆగుతది. ఆఫీసర్ వస్తడు."

"జారిడిసినోణ్ని తిడుతడా?"

"ఆణ్నెందుకు తిడుతడు? ఆడు గుండు మోసేటోడు. ఇంకా మొయ్యమని ఎవడన్నడో ఆణ్ని నిలబెడుతడు." మామూలుగానే అన్నాడు. నా ముఖం కూడా చూడలేదు. వెంటనే ఇంకో మాట అడిగాడు. "అన్నట్టు, దత్తు రాకపాయె నన్ను చూడనీకి. ఏడున్నడు?"

ఆయనకు తెలియదు. దవాఖానలో ఎవరూ చెప్పలేదు. మనసు కష్టపెట్టుకుంటాడని పెద్దమ్మ ఇంట్లో కూడా ఆ ఊసెత్తలేదు.

"ఊరికి పోయిండు, గోండ్‌పిప్రి దిక్కు. నాట్లు గదా" అన్నాను. నోరు తెరిచేసరికి అబద్ధం వండి వార్చి ఉంది.

ఆగస్టు 4

ఆయన ఆరోగ్యం కోసమే అలా చెప్పాను.

ఆగస్టు 5

వీడియో మొత్తం చూశాను. శబ్దంతో. చివరిదాకా.

జులై 13న ఇక్కడ రాసింది అబద్ధం. ఎవరూ చదవని డైరీలో, నాకు నేనే, అదే రోజు. కొట్టేయను. పైన అలాగే ఉండనీ.

ఆపమన్నది పెద్దబాపు. "ఇగ చాలురా" అన్నాడు. నేను అన్నది ఇదీ: "ఇంకొక్కటి పెద్దబాపు, ఇంకొక్కటే. లెక్క కుదురుతలేదు." ఆయన ఎత్తాడు. మళ్లీ "చాలు బిడ్డా" అన్నాడు. నా గొంతులో నవ్వుంది. "నేవీల గిట్లనే చాలంటుంటివా?"

ఆ మాటకే ఎత్తాడు. ఛాతీ దాకా లేచిన టిన్ను చేతుల్లోంచి జారి నేలకు తగిలింది. అంచు పగిలింది. దాన్ని పట్టుకోవాలని ముందుకు అడుగేశాడు, నూనె మీద. పడ్డ చప్పుడు తర్వాత వీడియోలో కొంతసేపు ఏమీ లేదు. ఆ తర్వాత ఫోన్ అందుకుంటున్న నా చెయ్యి. ముందు ఫోన్ అందుకున్నాను. ఆయన్ని కాదు.

టిన్ను కారలేదు. దత్తు పెట్టిన థప్పీ గోడలా నిలబడి ఉంది. అందులోంచి పాతిక టిన్నులు తీసినా వంగలేదు.

ఆగస్టు 6

బాపుకు వీడియో చూపించాను. గల్లా దగ్గరే, షట్టర్ సగం దించి. చూస్తున్నంతసేపు ఆయన దవడ కదులుతూనే ఉంది. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది.

"ఇది ఇంకెవ్వలకన్న చూపెట్టినవా?"

"లే."

"తీసెయ్ ఫోన్లకెల్లి."

"మరి దత్తు?"

బాపు చాలాసేపు లెక్కల మిషన్ మీటలు ఊరికే నొక్కాడు. "మంది ముందల అన్న మాట ఎట్ల వాపస్ తీసుకుంటరా? బజార్ల నా మాటకు ఇజ్జత్ ఉంటదా? ఏదన్న చెప్పి పిలిపిస్త. పండుగ తర్వాత చూద్దాం."

ఈ ఇజ్జత్ పిచ్చి నాకు ఎక్కడినుంచి వచ్చిందో అర్థమైంది. అర్థమై ఏం లాభం?

ఆగస్టు 7

పెద్దబాపుకు చెప్పాను. దత్తును తీసేసిన సంగతి, మెట్ల మీద తిట్టిన సంగతి, నాట్ల అబద్ధం, గేటు దగ్గర కొబ్బరికాయ, అన్నీ.

నన్ను తిట్టలేదు. కాంతమ్మ పెద్దమ్మను పిలిచి ఆమె ముందే అన్నాడు. "నేను టిన్నులెత్తిన. నువ్వు వద్దన్నంక సుత ఎత్తిన. జారిన అని చెప్పిన గానీ ఎందుకు జారిన్నో చెప్పకపోతిని, నీకు భయపడి. మా ఇద్దరి దొంగతనానికి దత్తు పోరడు బలైండు."

పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాను. "నేను ఆణ్ని తప్పు చేసిండంటిని గదరా" అంది. ఆయన్ని ఒక్క మాట అనలేదు, ఆమె బాధంతా దత్తును అలా అన్నందుకే.

పెద్దబాపు వాకర్ దగ్గరికి లాక్కున్నాడు. లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. "నా కాళ్లు పనిచేస్తే నేనే పోదును. నువ్వు పో. ఫోన్ చెయ్యకు. పో."

ఆగస్టు 10, ఆదివారం

దత్తు ఇప్పుడు బామ్నిలో, అత్తగారి ఇంటి పక్క రెండు గదుల్లో ఉంటున్నాడు. బల్లార్‌పూర్ దిక్కున ఒక కట్టెల డిపోలో దుంగలు మోస్తున్నాడు. ముసురు. బండి గోడకు ఆనించి నిలబడితే అతని భార్య నిర్మల బయటికొచ్చింది. నన్ను చూసి మొహం గట్టిపడింది గానీ లోపలికి రమ్మంది.

దత్తు మంచం మీంచి ఒక్క ఉదుటున లేచాడు. "పెద్ద సేఠ్‌కు ఏమన్న..."

"ఏంలే. నడుస్తుండు. కూర్చో దత్తు."

అతను కూర్చోలేదు. నేనూ కూర్చోలేదు. దారంతా ఒక వరసలో పేర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తురాలేదు. ఆట అన్నాను, తోపు అన్నాను, టైం చూడనీకి అన్నాను. నాకే పిచ్చివాడి మాటల్లా వినిపించాయి. చివరికి, "నీ తప్పేం లేదు. నేనే ఎత్తించిన. ఆయన వద్దన్నా ఎత్తించిన. ఆయన చేతుల్లకెల్లి జారి పగిలింది టిన్ను" అన్నాను.

దత్తు అడిగాడు.

"అంటే టిన్ను కారలేదా సేఠ్?"

"కారలే."

"నేను పెట్టినప్పుడు మంచిగనే ఉండెనా?"

"మంచిగనే ఉండె. థప్పీ సుత మంచిగనే పెట్టినవ్."

నిర్మల అందుకుంది. "ఇన్ని దినాలు ఎందుకు చెప్పలే? ఈన సరిగ బువ్వ తింటలేడు. డిపోల ఒక్కొక్క దుంగను నాలుగు దిక్కుల తడిమి చూసి గాని పెడ్తలేడట. పని చూసే ముకద్దం రోజు తిడుతుండు, పని నడుస్తలేదు, నీకేమైందని. చేతుల మీద నమ్మకం పోయింది ఈనకు. నువ్వేమో ఆట ఆడుకుంటున్నవా?" నన్ను మా దుకాణం మనుషులు ఎవరూ ఎప్పుడూ నువ్వు అనలేదు. ఆ మాట నాకు తగింది.

నేను ఇన్నాళ్లూ అతని పని పోయిందనే అనుకున్నాను. పెద్దబాపును తానే పడేశానని ఆ మనిషి నమ్ముతున్నాడని నాకు తట్టనే లేదు. గేటు దగ్గర నిలబడ్డాడంటే ఎందుకు నిలబడ్డాడో ఒక్కసారి ఆలోచించలేదు.

"నిర్మలా, జర ఆగు" అన్నాడు దత్తు. "అనూషను పిల్వు."

బిడ్డ వచ్చింది. చేతిలో మరాఠీ పుస్తకం, వేలు పేజీల మధ్య పెట్టుకుని ఉంది.

"ఇప్పుడన్నది మల్ల ఒక్కసారి అనుండ్రి సేఠ్. ఇది విననీ. బడిల దీన్ని అడిగిండ్రట, మీ నాయన ముసలాయన నడుము విరగ్గొట్టిండట గదా అని."

మళ్లీ చెప్పాను. పదిహేనేళ్ల పిల్ల ముందు చెప్పడం కష్టంగా ఉంది. ఆట గురించి ఈసారి ఏమీ చెప్పలేదు. టిన్ను బాగానే ఉంది, మీ నాయన బాగానే పెట్టాడు, ముసలాయనతో బరువులు ఎత్తించింది నేను, ఆ రోజు మెట్ల మీద అబద్ధమని తెలిసీ నోరు మూసుకున్నది నేను.

పిల్ల తండ్రి వైపు చూసింది. నా వైపు చూసింది. "మంజే బాబాంచీ చూక్ నవ్హతీ?" అని అడిగింది. అంటే నాన్న తప్పు కాదా అని.

"కాదు" అన్నాను. "నాదే."

దత్తు లోపలి గదిలోకి వెళ్లాడు. గోడవైపు తిరిగి నిలబడ్డాడు. అతని భుజాలు కదలడం చూసి నిర్మల తలుపు దగ్గరగా వేసింది. పిల్ల గుమ్మంలో కూర్చుని పుస్తకం తెరిచింది, చదవలేదు. నేను వసారాలోకి వచ్చి నిలబడ్డాను. నన్ను ఎవరూ ఉండమనలేదు, వెళ్లమని కూడా అనలేదు.